పడుగులా బిగించిన ఊయల

ఆ రోజు నా భార్య ఊయల్లోంచి కింద పడితే నేను ముందుగా చూసింది ముడిని.

ఎలా చెప్పినా మంచిగా వినిపించే మాట కాదిది. అందుకే జరిగింది జరిగినట్టే చెబుతాను. ఎండాకాలం, మధ్యాహ్నం అన్నాలు తిన్న తర్వాత. మా ముందుగదిలో ఒక కొస దూలానికి, ఇంకో కొస ఎదుటిగోడ కొక్కేనికి కట్టిన ఊయల అది. పిల్లల ఊయల కాదు. పెద్దమనిషి పడుకునేందుకు నా చేత్తో నేనే తయారుచేసింది. ఆమె దాంట్లో పడుకుని ఉంది. దగ్గు వచ్చి ఒక పక్కకు తిరగబోయింది. ఊయల గిర్రున తిరగబడి ఆమెను నేలమీద పడేసింది. మోచెయ్యి మగ్గం కట్టెకు తగిలింది. నేను లేచి పరుగున వెళ్ళాను. వెళ్ళింది ఆమె దగ్గరికి కాదు, దూలం దగ్గరికి. తాడు లాగి చూశాను. బట్ట కొసలు తడిమి చూశాను. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ముడి జారలే," అన్నాను. "బట్ట గూడ మంచిగనే ఉంది. నువ్వే సక్కగ పండుకోలే."

ఆమె నేలమీదే కూర్చుని మోచెయ్యి పట్టుకుని నా వంక చూసింది.

"ముడికి దెబ్బ తాకలేదు గద," అంది. "గంతే సాలు."

నేను జంపఖానాలు నేసేవాణ్ణి. వరంగల్‌లో మా వాడంతా అదే పని. మా ఇంటి ముందుగది సగానికి పైగా గుంత మగ్గమే ఉండేది. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకుని, గట్టున కూర్చుని నేసే మగ్గం అది. ఆ గుంత మా నాయన తవ్వింది. ఆయన కూర్చుని కూర్చుని నున్నగా అరిగిన గట్టుమీదే నేనూ కూర్చున్నాను. మిగిలిన సగం గదిలో మంచం, ట్రంకుపెట్టె, నీళ్ళ కుండ. వెనక చిన్న వంటగది. మాకు పిల్లలు లేరు. ఇద్దరికి అంత ఇల్లు సరిపోతుందని అనుకునేవాణ్ణి. నిజానికి ఆ ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. మూడోది మగ్గం. పెద్దపీట దానిదే.

మిల్లు నూలు ఎంత మంచిదైనా నేస్తున్నప్పుడు నూగు లేస్తుంది. కంటికి కనపడనంత సన్నటి దూది. అన్నం మీద పడుతుంది, తలవెంట్రుకల్లో చిక్కుకుంటుంది, దూలాల మీద బూడిదరంగు పొరలా పేరుకుంటుంది. నాకు అది అలవాటు. ఆమెకు పెళ్ళయిన కొన్నేళ్ళకు దమ్ము మొదలైంది. మొదట చలికాలంలోనే వచ్చేది. తర్వాత ఏడాది పొడుగునా. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. గోడకు దిండు ఆనించి, దానికి వీపు ఆనించి, కూర్చుని కునికేది. దిండు జారేది. తల ఒక పక్కకు వాలేది, మెలకువ వచ్చేది. పొద్దున లేచి చూస్తే ఆమె కళ్ళకింద నల్లటి వలయాలుండేవి. నేను మాత్రం చేతులు విరుచుకుని లేచి, చాయ్ కావాలని అడిగేవాణ్ణి.

దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు చాలాసేపు ఆమె వీపుమీద గొట్టం పెట్టి విన్నాడు. రెండు మాటలు చెప్పాడు. ఒకటి, తలా వీపూ ఎత్తుగా ఉండేట్టు పడుకోవాలి. రెండోది నన్నే చూసి చెప్పాడు. "మగ్గం ఇంట్లోనే ఉందా? అయితే ఆమె అయినా బయట పడుకోవాలి, మగ్గమైనా బయటికి పోవాలి."

నేను తల ఊపాను. బయటికి వచ్చి, రిక్షా కోసం నిలబడి, మొదటి మాట గురించే మాట్లాడాను. వీపు ఎత్తుగా ఉండాలంటే ఏం చేద్దాం, రెండు దిండ్లు కుట్టిద్దామా అని. రెండో మాటను దవాఖాన మెట్ల మీదే వదిలేసి వచ్చాను. ఆమె కూడా ఎత్తలేదు. ఆమె వినలేదేమో అనుకుని తృప్తి పడ్డాను.

మగ్గాన్ని బయట ఎక్కడ పెడతాను? మా వాడ చివర ఒక షెడ్డు ఉండేది. సొంత మగ్గం లేనివాళ్ళు అక్కడికి పోయి నేసేవాళ్ళు. వాళ్ళని నేను ఎప్పుడూ కొంచెం తక్కువగానే చూశాను. ఇంట్లో మగ్గం ఉన్నవాడు తన ఇష్టం వచ్చినప్పుడు కూర్చుంటాడు, ఇష్టం వచ్చినప్పుడు లేస్తాడు. షెడ్డుకు పోయేవాడు కూలివాడు. మా నాయన ఈ మాట ఎన్నోసార్లు అనగా విన్నాను. పక్క గల్లీల్లో పవర్‌లూములు వచ్చి, పొద్దంతా వాటి టకటకలు వినిపిస్తున్న కాలంలో, చేతిమగ్గం మీద బతికేవాడికి ఆ కాస్త గర్వమే మిగిలింది. దాన్ని వదులుకోవడం నావల్ల కాలేదు.

ఊయల ఆలోచన నాకు ములుగు దారిలో వచ్చింది. జంపఖానాల మూట అప్పజెప్పడానికి బస్సులో పోతుంటే దారిలో టైరు పంక్చరైంది. అందరం దిగాం. రోడ్డు పక్క రెండు టేకు చెట్ల మధ్య ఒక లారీ డ్రైవరు గుడ్డ ఊయల కట్టుకుని నిద్రపోతున్నాడు. తల ఎత్తుగా, నడుము లోపలికి, కాళ్ళు మళ్ళీ కొంచెం పైకి. కూర్చున్నట్టూ ఉంది, పడుకున్నట్టూ ఉంది. నోరు తెరుచుకుని హాయిగా గురక పెడుతున్నాడు. నాకు మా ఆవిడ గుర్తొచ్చింది. చాలా సంతోషం కలిగింది. డాక్టరు మొదటి మాటకు మందు దొరికింది. రెండో మాట జోలికి పోనక్కర లేదు.

ఆ సంతోషంలో ఆ ఊయల ఎలా కట్టాడో సరిగా చూడలేదు. చూసి ఉంటే అది ఎంత వదులుగా వేలాడుతోందో, ఎంత వెడల్పుగా ఉందో, బట్ట ఎంత పలచనో కనపడేది. నేను నేతగాణ్ణి, బట్ట సంగతి నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను.

ఇంటికొచ్చి, చారల రంగు కలవక వెనక్కి వచ్చిన జంపఖానా ఒకటి తీశాను. గట్టిది, ఏనుగు నిలబడ్డా చిరగదు. ఆమెను గోడకు ఆనించి నిలబెట్టి తలనుంచి మడమదాకా కొలిచాను. పైన ఒక జానెడు వదిలి మిగతాది కత్తిరించాను. మంచానికి జంపఖానా నేసేవాడికి తెలిసిన కొలత అదే: మనిషి ఎంతో బట్ట అంత. మగ్గంమీద బట్ట వెడల్పు కుంచించుకుపోకుండా అడ్డంగా వెదురుబద్ద పెడతాం. ఇక్కడ కూడా అలాగే రెండు కొసల్లోనూ బద్దలు పెట్టాను, బట్ట విప్పారి ఉండాలని. తర్వాత తాళ్ళు దూలానికీ కొక్కేనికీ కట్టి, కాలు గోడకు తన్నిపెట్టి లాగాను. మగ్గంమీద నిలువు పోగులు, పడుగు, బిగించినట్టు బిగించాను. వేలితో మీటితే మోగింది.

ఆమె వంటగది గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"గింత బిగ్గ గుంజినవేంది? తొట్టెల గట్ల కడ్తరా? జర వదులు చెయ్యి."

"వదులు పడుగు మీద ఎవడన్న బట్ట నేస్తడా?"

"నేసుడు గాదు గద. పండుకునుడు."

"నీకు తెల్వది, ఊకో."

ఈ మాట ఎన్నిసార్లు అన్నానో ఆమెతో. లెక్క పెట్టుకుని ఉంటే నేనే సిగ్గుపడేవాణ్ణి.

పక్కింటి అవ్వ వచ్చి చూసి, నవ్వి, "కొడుకా, గిది ఊయలనా, బట్టలారేసే దండెమా?" అంది. నేను అదీ పట్టించుకోలేదు. నా భార్య ఎక్కింది. అలా బిగించిన బట్టమీద పడుకోవడమంటే గోడ అంచుమీద పడుకోవడం. కదిలితే పడిపోతుంది. అయినా నాకోసం దాంట్లో పడుకునేది. మందపాటి జంపఖానా వీపుకు అంటుకుని చెమట పట్టేది. దాని నూగు ఆమె ముక్కుకు మరీ దగ్గరైంది. దగ్గు ఎక్కువైంది. "ఎట్లుంది?" అని అడిగితే "మంచిగనే ఉంది" అనేది. నేను ఆ జవాబు కోసమే అడిగేవాణ్ణి కాబట్టి రెండోసారి అడిగేవాణ్ణి కాదు.

ఆ తర్వాత ఆ మధ్యాహ్నం కింద పడింది. ముడికి దెబ్బ తాకలేదు గద అని ఆమె అన్నాక నేను ఊరుకుని ఉండవలసింది. ఊరుకోలేదు.

"మంచం ఒద్దు, గోడ ఒద్దు, ఊయల గూడ ఒద్దు నీకు," అన్నాను. "ఇగ నేనేం జెయ్యాలె చెప్పు?"

ఆమె లేచి చీర దులుపుకుంది. దూది పోగులు గాలిలో లేచాయి.

"డాక్టర్ రెండు మాటలు చెప్పిండు," అంది. "రెండోది నేను గూడ ఇన్న."

మర్నాడు పొద్దున సంచిలో నాలుగు చీరలు పెట్టుకుంది. వాళ్ళక్క కాజీపేటలో ఉండేది, రైల్వే క్వార్టర్లో. అక్కడికి పోతానంది. "ఎన్నొద్దులు?" అని అడిగాను. "నిద్ర వట్టేదాంక," అంది. ఆమె గడప దాటుతున్నప్పుడు నేను గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తూనే ఉన్నాను. పోగు మోసే నాడె ఇటునుంచి అటు పోతూనే ఉంది. ఆపితే ఏదో ఒకటి మాట్లాడాల్సి వస్తుందని ఆపలేదు.

ఇంట్లో ఒక్కణ్ణే ఉండటం నాకు తెలియదు. మా నాయన ఉన్నన్నాళ్ళూ నాయన ఉన్నాడు, తర్వాత ఆమె ఉంది. మగ్గం ఆడుతున్నంతసేపూ ఏమీ తెలిసేది కాదు. ఆపగానే ఇల్లు మొత్తం ఒక్కసారిగా మీద పడేది. ఆమె దగ్గు ఎంత విసుగ్గా ఉండేదో! ఇప్పుడు నేస్తూ నేస్తూ ఆగి, వంటగదివైపు చెవి పెట్టి, దానికోసమే వినేవాణ్ణి. అన్నం నేనే వండుకునేవాణ్ణి. ఇద్దరికి సరిపడా బియ్యం పోయడం చెయ్యి మానలేదు. మిగిలిన అన్నం పొద్దున చల్లలో పిసుక్కుని తినేవాణ్ణి. ఎదురుగా ఎవరూ కూర్చోనప్పుడు మనిషి ఎంత తొందరగా తింటాడో అప్పుడే తెలిసింది.

ఊయల అలాగే కట్టి ఉంది. తలుపు తీస్తే గాలికి ఊగేది. పక్కింటి అవ్వ గుమ్మంలోంచి చూసి కేకలేసింది.

"ఉత్త ఊయల ఊగద్దు కొడుకా! ఇంటికి మంచిది గాదు. ఇప్పెయ్యన్న ఇప్పెయ్యి, అందుల ఏదన్న పెట్టన్న పెట్టు."

విప్పడానికి చెయ్యి రాలేదు. విప్పితే ఆమె ఇక రాదన్నట్టు అనిపించింది. చుట్టలుగా కట్టిన నూలు చిలపల మూట ఒకటి తెచ్చి దాంట్లో పెట్టాను. కొన్ని రోజులు ఆ మూట పడుకుంది మా ఊయల్లో. ఒక సాయంత్రం దాన్ని తీసేసి నేనే ఎక్కాను.

ఆమె ఎన్ని రోజులు భరించిందో దాన్ని నేను కాసేపు కూడా భరించలేకపోయాను. నడుం కింద ఏ ఆధారమూ లేదు, అయినా పలకమీద పడుకున్నట్టు గట్టిగా ఉంది. కొంచెం కదిలితే అడ్డబద్దలు తిరగబడుతున్నాయి. రెండు చేతులతో అంచులు పట్టుకుని, ఊపిరి బిగబట్టి పడుకున్నాను. నిద్రపోవడానికి చేసిన వస్తువులో నిద్రపోతే పడిపోతారు. అంత తెలివైన పని చేశాను నేను.

బద్దలు తీసి పారేశాను. తాళ్ళు వదులు చేశాను. ఊయల మధ్యలోకి దిగింది. ఈసారి పడిపోలేదు కానీ, బట్ట వెడల్పు చాలక రెండు అంచులూ భుజాల్ని నొక్కేశాయి. పొడవు చాలక మనిషి రెండుగా మడిచినట్టయింది. జంపఖానా గట్టిదనం వీపంతా గీరింది. తర్వాత బజారులో నైలాను వల ఊయల ఒకటి తెచ్చి కట్టాను. అప్పట్లో నైలాను అంటే అందరికీ మోజు. గాలి బాగానే ఆడింది. కానీ వల కళ్ళు ఒంటిమీద అచ్చులు వేశాయి. బనీను విప్పి చూసుకుంటే నా వీపు చేపలు పట్టే వలలా ఉంది. ఈ మాట చెప్పి నవ్వడానికి ఇంట్లో ఎవరూ లేరు.

ట్రంకుపెట్టెలో ఆమె పాత నూలుచీర ఒకటి మిగిలింది. ఉతికి ఉతికి మెత్తబడినది. దాన్ని నాలుగు మడతలు కాకుండా, రెండే మడతలు వేసి, కొసలు కుచ్చుగా చుట్టి కట్టాను. లోతుగా, వదులుగా, ఆమె చెప్పినట్టు పసిపిల్లల తొట్టెలలా. ఎక్కి అటూ ఇటూ సర్దుకుంటుంటే కాళ్ళు ఒక పక్కకు, తల ఇంకో పక్కకు జరిగాయి. అలా ఏటవాలుగా పడుకునేసరికి నడుం కింద బట్ట చదునుగా పరుచుకుంది. తల ఎత్తుగా ఉంది, మెడ వంగలేదు. ఛాతీ మీద ఏ బరువూ లేదు. నాకు తెలియకుండానే నిద్ర పట్టింది. తెల్లవారేసరికి కొస దగ్గర చీర పర్రున చిరిగి నేలమీద ఉన్నాను. నడుం నొప్పి పెట్టింది. నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. నేను కింద పడితే వచ్చి చూసేవాళ్ళు లేరు. ఉన్నా, ముందు ముడినే చూస్తారేమో అనిపించింది.

కావలసిందేమిటో అప్పుడు తెలిసింది. చీరలోని మెత్తదనం, జంపఖానాలోని బలం. మనిషి పొడవుకు ఇంకో సగం కలిపిన పొడవు. ఏటవాలుగా పడుకోవడానికి చేతులు చాపినంత వెడల్పు. నూగు రాలని బట్ట. రెండు పోగులు కలిపి పేనిన నూలు తీసుకున్నాను. నేసేముందే ఉడకబెట్టి, జాడించి, ఎండబెట్టి, మళ్ళీ జాడించాను. నీళ్ళలో తెల్లగా తేలిన దూది చూస్తే, ఇదంతా ఆమె లోపలికే కదా పోయింది అనుకున్నాను.

కానీ అంత వెడల్పు నా మగ్గం మీద రాదు. రెండు ముక్కలు నేసి కలిపి కుట్టవచ్చు. అప్పుడు కుట్టు సరిగ్గా వెన్నెముక కింద పడుతుంది. వెడల్పు మగ్గం షెడ్డులోనే ఉంది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేసేది. రెండు రోజులు ఇంట్లోనే అటూ ఇటూ తిరిగి, చివరికి నూలు మూట భుజాన వేసుకుని పోయాను.

షెడ్డులో పక్కింటి అవ్వ కొడుకు పనిచేసేవాడు. నన్ను చూసి నాడె ఆపాడు.

"ఏందన్నా, ఇంటి దొర షెడ్డుకొచ్చిండు! పొద్దు ఎటు పొడిసింది?"

"వెడల్పు మగ్గం కావాలెరా. జర తోడు కూసుంటవా?"

"కూసుంట గని, ఏం నేస్తం? ఇది జంపఖానా నూలు గాదు, చీర నూలు గాదు."

"ఊయల."

"ఎవలి పిల్లలకన్నా?"

అనేసి నాలుక కరుచుకున్నాడు. మాకు పిల్లలు లేరని వాడకంతా తెలుసు.

"మీ వదినకురా," అన్నాను. "పండుకునేతందుకు."

వాడు కాసేపు పోగులు సర్దుతున్నట్టు తల వంచుకున్నాడు. తర్వాత, "అట్లనా? అయితే మా అవ్వకు గూడ ఒకటి నెయ్యన్నా. అందుల పడి ఊగుతాంటె నన్ను తిట్టుడన్న మానుతది," అన్నాడు. చాలా రోజుల తర్వాత ఇంకో మనిషితో కలిసి నవ్వాను. పక్కన ఒకరు కూర్చుని, వాళ్ళు విసిరిన నాడెను నేను అందుకుని, నేను విసిరింది వాళ్ళు అందుకుంటూ నేయడం బాగుంది. కూలివాడిలా ఏమీ అనిపించలేదు.

ఆ రోజుల్లో ఇంట్లో మగ్గం ఆగిపోయింది. ఒక పొద్దున షెడ్డుకు బయలుదేరుతూ గదిలో నిలబడిపోయాను. మా పైకప్పు పెంకుల సందులోంచి రోజూ ఒక ఎండ కడ్డీ నేలమీదకు దిగుతుంది. పుట్టినప్పటినుంచి చూస్తున్నాను దాన్ని. దానిలో ఎప్పుడూ నూగు సుడులు తిరుగుతూ ఉంటుంది. చిన్నప్పుడు అది ఎండలోనే ఉంటుందనుకునేవాణ్ణి, ఎండ అంటేనే అంత అనుకునేవాణ్ణి. ఆ పొద్దున ఆ కడ్డీ ఖాళీగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను. వట్టి వెలుతురు.

ఆమె వెళ్ళిపోయాక నేనొక ఊయల నేసి పట్టుకుపోతే ఇంటికి వస్తుందని లోలోపల ఆశ పెట్టుకుని ఉన్నాను. ఆ ఎండ కింద నిలబడితే ఆ ఆశ సిగ్గుగా అనిపించింది. ఎంత మంచి ఊయలైనా మళ్ళీ ఆ నూగులోనే కదా కట్టేది.

బట్ట అయిపోయాక దాన్ని మరోసారి ఉడకబెట్టి, ఆరేసి, మడిచి, కాజీపేట బస్సెక్కాను. తలుపు తీసింది మా వదిన, ఆమె అక్క. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇప్పుడు తొవ్వ కండ్ల వడ్డదా మరిదీ? మేమేదో విలాయత్‌ల ఉన్నట్టు!"

"తప్పయింది వదినా."

"ఎవలికి చెప్తానవ్? నాకా? నా మోచెయ్యి గాదు వాసింది."

వాళ్ళ వరండాలో రెండు స్తంభాలు ఉన్నాయి. వదినను అడిగి వాటికి తాళ్ళు కట్టాను. నా భార్య తలుపు దగ్గర నిలబడింది. ముఖం కొంచెం తేరుకుంది. నేను కట్టడం అయ్యాక వచ్చి ఊయల అంచు పట్టుకుని చూసింది. బట్టను రెండు వేళ్ళ మధ్య నలిపి, ముక్కుదాకా తెచ్చి వాసన చూసింది. ఆమెకు అలా వాసన చూడాల్సి రావడం నన్ను గుచ్చింది.

"జర వదులు చెయ్యి," అంది.

వదులు చేశాను.

"ఇంకింత."

ఇంకొంచెం వదిలాను. కూర్చుంటే పాదాలు నేలకు ఆనేంత ఎత్తు ఉండాలి. ఉందో లేదో ఆమెనే కూర్చుని చూడమన్నాను. ఆనాయి. "నిలువుగ గాదు, అడ్డంగ జరుగు, కాళ్ళు ఇటు, తల అటు," అని చెప్పాను. జరిగింది. ఊయల ఆమె చుట్టూ సర్దుకుంది. ఈసారి "ఎట్లుంది?" అని అడగలేదు. మెట్టుమీద కూర్చుని వేరే వైపు చూశాను.

కొంతసేపటికి వదిన చాయ్ తెచ్చి ఇచ్చి, గొంతు తగ్గించి, "సూడు," అంది.

వెనక్కి తిరిగి చూశాను. నిద్రపోతోంది. నోరు మూసుకుని, ముక్కుతోనే ఊపిరి తీసుకుంటోంది. క్వార్టర్ల వెనకనుంచి గూడ్సు బండి ఒకటి పోయింది. పొడుగాటిది. వరండా గచ్చు అదిరింది. ఆమె లేవలేదు. పెళ్ళయినప్పటినుంచీ ఆమె నిద్రపోతుంటే నేనెప్పుడూ కూర్చుని చూడలేదు.

"తీస్కపోతవా మరి?" అంది వదిన.

"లే వదినా. ఇంట్ల మగ్గం ఇంకా ఉంది."

వదిన నా ముఖంలోకి చూసింది. ఈసారి దెప్పలేదు. చాయ్ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. నా భార్య లేవకముందే నేను బస్సెక్కాను.

ఇంటికి వచ్చిన మర్నాడు మగ్గం విప్పాను. కట్టెలన్నీ షెడ్డుకు మోశాను. అక్కడ ఒక మూల నాకు చోటిచ్చారు. తర్వాత గుంత మిగిలింది. దాని అడుగున మా నాయన కాళ్ళు, నా కాళ్ళు తొక్కీ తొక్కీ నల్లబడ్డ నేల. గంపలతో మట్టి తెచ్చి పోస్తుంటే పక్కింటి అవ్వ గడప దగ్గర కూర్చుని చూసింది.

"మీ నాయిన తవ్విన గుంత కొడుకా."

"ఎరుకేనవ్వా."

"ఆయనుంటే ఏమంటుండెనో."

"తిడ్తుండె."

"తిడ్తుండె," అని ఒప్పుకుంది అవ్వ. నేను పోసిన మట్టివైపు చూసి, "నీళ్ళు సల్లుకుంట తొక్కు. ఉత్తగ పోస్తె వానకాలానికి కుంగుతది," అంది.

నీళ్ళు చల్లుతూ తొక్కాను. మళ్ళీ మట్టి పోశాను, మళ్ళీ తొక్కాను. నేల సమం అయ్యాక పేడతో అలికాను. మగ్గం లేని గది చాలా పెద్దదిగా కనిపించింది. నడిస్తే అడుగుల చప్పుడు గోడలకు తగిలి తిరిగొచ్చింది. గది మధ్యలో పైదూలానికి రెండు ఇనప కొక్కేలు, మధ్య తగినంత దూరం ఉంచి, కొట్టించాను. ఆ రాత్రి నేలమీదే పడుకున్నాను. ఇల్లు ఎవరిదో అనిపించింది.

కాజీపేట వెళ్ళి ఆమెకు ఒక్క మాటే చెప్పాను.

"గుంత పూడ్చిన."

ఆమె ఊయల్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. చేతులు ఆగాయి.

"మగ్గం?"

"షెడ్డుల పెట్టిన. ఆడికే పోతాన్న పనికి."

ఒక కాయ తీసుకుని ఈనె లాగింది.

"మట్టి యాడికెల్లి తెచ్చినవ్?"

"చెరువు కట్ట కింద."

"గట్టిగ తొక్కినవా?"

"తొక్కిన. అవ్వ నిలబడి తొక్కిపిచ్చింది."

"దూలాల మీద నూగు?"

దాని సంగతి నేను ఆలోచించనేలేదు. అబద్ధం చెప్పబోయి ఆగాను.

"అట్లనే ఉంది," అన్నాను.

"చీపురుతోని దులుపకు. లేస్తది," అంది ఆమె. "నేల తడారనియ్యి. తర్వాత చూద్దాం."

వస్తానని అనలేదు, రానని అనలేదు. నేను ఇంటికి వచ్చాను. తలుపులు, కిటికీ బార్లా తెరిచి పెట్టాను. మంచం దూలం కిందికి జరిపి, దానిమీద ట్రంకుపెట్టె పెట్టి ఎక్కి, బకెట్లో నీళ్ళు పక్కన పెట్టుకుని, పాత బనీను తడిపి, పిండి, మొదటి దూలం ఒక కొసనుంచి తుడవడం మొదలుపెట్టాను. మా నాయన కాలంనాటి నూగు కూడా ఉంది అందులో. గుడ్డ ఒక్కసారికే నల్లబడింది. జాడించి, పిండి, మళ్ళీ తుడిచాను. ఒక్క పోగు కూడా కింద పడకుండా, నెమ్మదిగా, ఒక దూలం తర్వాత ఒకటి.